గౌతమీతీర చిత్రకళా తపస్వి దామెర్ల రామారావు

విష్ణుధర్మోత్తర పురాణంలో చిత్రసూత్రమనే భాగం ఒకటి ఉన్నది. చిత్రకళ ఈ లోకంలో ఎట్లు అవతరించినదో అది ఒక రమణీయమైన గాథగా చెప్పుతుంది. లోకహితం కోరి తపస్సు చేస్తూ ఉన్న నారాయణ మహర్షి ఎదుట అప్సరసలు విలాసంగా సంచరింపసాగినారు. వారి సౌందర్యగర్వాన్ని అణచదలచిన మహర్షి మామిడిరసాన్ని తీసుకొని తన ఊరువు మీద ఒక సుందరాంగి రూపాన్ని లిఖించినాడు. ఆ రేఖలనుండి ప్రాణం పోసుకొని లేచినదే ఊర్వశి. ఆమెను చూచిన అప్సరసలు సిగ్గుతో తలలు వంచుకొని వెడలిపోయినారు. ఆ పిమ్మట మహర్షి ఆ విద్యను విశ్వకర్మకు ఉపదేశించినాడు. మన పెద్దలు చిత్రకళను కేవల వినోదంగా భావింపలేదనడానికి ఈ గాథయే సాక్ష్యం. మొట్టమొదటి చిత్రకారుడు తపస్వి. మొట్టమొదటి చిత్రఫలకం తపస్సుతో పవిత్రమైన దేహం.

ఈ చిత్రసూత్రాన్ని వజ్రుడనే రాజుకు బోధించినవాడు మార్కండేయ మహర్షి. ఆ మార్కండేయుని పేర వెలసిన పరమేశ్వరుడు రాజమహేంద్రవరంలో గోదావరీ తీరాన పూజలందుకొంటూ ఉన్నాడు. రాజరాజనరేంద్రుని కొలువులో నన్నయభట్టారకుడు మహాభారత రచనకు శ్రీకారం చుట్టిన నగరమిది. కందుకూరి వీరేశలింగం పంతులుగారి కర్మభూమి ఇది. కవులకూ పండితులకూ సంస్కర్తలకూ లోటు లేని ఈ ఊరికి చిత్రకారులలో అగ్రగణ్యుడని చెప్పదగినవాడు మాత్రం చాలకాలం కరవైనాడు. ఆ లోటును తీర్చినవారు దామెర్ల రామారావుగారు. వారు ఈ లోకంలో ఉన్నది నిండా ఇరువదియెనిమిదేండ్లు కూడా కాదు.

రామారావుగారు 1897 మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరంలో జన్మించినారు. గోదావరి మీద తొలి రైలు వంతెన పని ఆరంభమైనదీ ఆ యేడే. 1900లో ఆ వంతెన మీద బండ్లు నడవసాగినవి. అంతకుముందు ఏరు దాటడమంటే పడవ ఎక్కవలసినదే. పిల్లవాడైన రామారావు కన్నులకు నిత్యం కనబడినవి ఆ నది, ఆ రేవులు, తెరచాపలెత్తిన పడవలు, ఎగువన నీలిగా తోచే కొండల వరుస, స్నానఘట్టాలలో సంకల్పం చెప్పుకొనే యాత్రికులు, పసుపు కుంకుమలతో గోదావరీమాతకు మ్రొక్కే ముత్తైదువలు. చిత్రకారునికి కావలసిన పాఠశాల అతని వాకిటనే ఉన్నదన్నమాట. అయితే ఆ పాఠశాలలో చదువుకొనడం ఎట్లో నేర్పే గురువు కావలె గదా!

ఆ గురువు సముద్రాలకు ఆవలినుండి వచ్చినాడు. ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ఆ కాలంలో రాజమహేంద్రవరం ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు అధ్యక్షుడుగా ఉండెడివాడు. ఆయన కవి, రచయిత. స్వయంగా కుంచె పట్టి నీటిరంగులు వేయగల చిత్రకారుడు. పాలకజాతికి చెందిన ఉద్యోగులు పెక్కుమంది ఈ దేశపు కళలను చిన్నచూపు చూచిన దినాలలో, కూల్డ్రే దొర తెలుగుపల్లెలనూ గోదావరి తీరాలనూ ప్రేమించి, వాటిని గురించి పుస్తకాలు వ్రాసినాడు. ఆయన ఇల్లు యువకులకు రెండవ విద్యాలయం. అడివి బాపిరాజుగారు, కవికొండల వేంకటరావుగారు ఆ ఛాయలో పెరిగినవారే. ఒకరు నవలాకారులుగా, చిత్రకారులుగా, మరొకరు కవిగా తరువాత ప్రసిద్ధులైనారు. రామారావు చేతిలోని బలాన్ని కనిపెట్టినది కూడ కూల్డ్రే దొరయే. గురువులు శిష్యుని వెదకికొని వస్తారని మన పెద్దలు ఊరకే అనలేదు.

శిష్యునికి ఆయన చేసిన మహోపకారం ఏదైనా ఉన్నదంటే అది అజంతా యాత్ర. పశ్చిమ ప్రభుత్వోద్యోగి ఒకడు ఒక తెలుగు బాలునికి పాశ్చాత్య చిత్రాల ప్రతులను చూపి ఇదే కళ అని చెప్పి ఉండవచ్చును. అట్లు చేసిన వారు ఆ కాలంలో ఎందరో ఉన్నారు. కూల్డ్రే ఆ పని చేయలేదు. శిష్యుని వెంటబెట్టుకొని పోయి, ఎల్లోరా శిల్పాలనూ అజంతా కుడ్యచిత్రాలనూ చూపించినాడు. నీ సంపద ఇది సుమా అని నోటితో చెప్పవలసిన పని లేకుండా కన్నులకే చెప్పించినాడు.

అజంతాను చూడనివారికి దాని మహత్తు కొంత చెప్పవలసి ఉన్నది. వాఘోరా అనే చిన్న యేరు గుర్రపులాడము వలె వంపు తిరిగిన చోట, నిట్టనిలువు కొండగోడలో సుమారు ముప్పది గుహలను తొలిచినారు. వాటిలో ప్రాచీనమైనవి మన సాతవాహనుల నాటివి; తక్కినవి వాకాటకుల కాలంనాడు, క్రీస్తుశకం అయిదవ శతాబ్దంలో వెలసినవి. రాతిగోడకు మట్టినీ ఊకనూ కలిపి మెత్తి, దానిపై సున్నపు పూత పూసి, రంగురాళ్ళను నూరి చేసిన వర్ణాలతో బుద్ధ భగవానుని చరిత్రనూ జాతక కథలనూ లిఖించినారు. చిత్రించిన ఆ మహనీయులు తమ పేరు ఎక్కడా వ్రాసికొనలేదు. వెలుతురు కూడ సరిగా చొరని ఆ గుహాంతరాలలో, చూచేవారు ఎందరు వస్తారన్న విచారం లేక, పద్మపాణి బోధిసత్త్వుని కనురెప్పల బరువును కూడ ఒక్క రేఖలో నిలిపినారు. ఆ రేఖను చూచిన తరువాత రామారావు చేయి మరొక దారిని పట్టలేదు.

ఆనాటి ఆంధ్రదేశంలో చిత్రకళ స్థితి ఎట్లున్నదో కూడ గమనింపవలె. లేపాక్షి ఆలయపు పైకప్పున వీరభద్రుని పాదాల చెంత విజయనగరపు చిత్రకారులు చూపిన ప్రతిభ వెనుకటి కథగా మారినది. కాళహస్తిలో, మచిలీపట్నంలో కలంకారీ పనివారు, తెలంగాణంలో నకాషీలు తమ విద్యను కాపాడుకొంటూనే ఉన్నారు గాని, చదువుకొన్నవారి దృష్టి వారి మీద ప్రసరింపలేదు. ఇండ్లలో పూజామందిరాల గోడలను అలంకరించినవి రాజా రవివర్మగారి అచ్చుపటాలు. లక్ష్మీసరస్వతులను ఇంటింటికీ తెచ్చిన పుణ్యం రవివర్మగారిది. ఆ ఉపకారాన్ని కాదనగూడదు. కాని ఆ చిత్రణ పద్ధతి పశ్చిమదేశపు తైలవర్ణ సంప్రదాయం నుండి వచ్చినది. కలకత్తాలో అవనీంద్రనాథ ఠాకూరుగారు దానికి మారుగా మరొక మార్గాన్ని తెరచినారు. తెలుగువానికి తనదైన మార్గమంటూ లేదు. అనుకరణ చేయవలెనన్నా బొంబాయినో కలకత్తానో అనుకరింపవలసినదే. రామారావుగారి ఎదుట నిలిచిన ప్రశ్న ఇది.

కూల్డ్రే దొర ప్రోత్సాహంతో రామారావు 1916లో బొంబాయి చేరి జె.జె. కళాశాలలో ప్రవేశించినారు. 1857లో స్థాపితమైన ఆ విద్యాలయానికి అప్పుడు సెసిల్ బర్న్స్ అధ్యక్షుడు. క్రొత్తగా వచ్చిన ఈ తెలుగు యువకుని చిత్రాలను చూచి, ఆయన ఆరంభ తరగతులను దాటించి నేరుగా పైతరగతిలో చేర్చుకొన్నాడు. ఇట్టి మన్నన సామాన్యంగా లభించేది కాదు. ఒక విశేషం చెప్పవలె. ఆ కళాశాలకు పూర్వం అధ్యక్షుడైన జాన్ గ్రిఫిత్స్ 1872 మొదలుకొని 1885 వరకు తన విద్యార్థులతో కలిసి అజంతా చిత్రాలకు ప్రతులు వ్రాయించినాడు. లండనుకు పంపిన ఆ ప్రతులలో అనేకం 1885లో అగ్నిప్రమాదంలో దగ్ధమైపోయినవి. ఆ విధంగా రామారావు తాను చూచి వచ్చిన అజంతా స్మృతి ఏదో ఒక రూపాన మెదలుతూనే ఉన్న విద్యాలయంలో అడుగు పెట్టినారు.

జె.జె. కళాశాలలో శిక్షణ కఠినమైనది. ఎదుట పెట్టిన ప్రతిమను చూచి గీయడం, వెలుగునీడల తారతమ్యం పట్టుకొనడం, మానవదేహపు నిర్మాణాన్ని అస్థిపంజరం మొదలుకొని తెలిసికొనడం, దూరదృశ్యంలో వస్తువులు చిన్నవయ్యే గణితాన్ని అభ్యసించడం, ఇవన్నీ నెలల తరబడి సాగే పాఠాలు. రెండు విద్యల నడుమ నిలిచిన వానికి సామాన్యంగా రెండు ప్రమాదాలు ఉన్నవి. పరాయి పాఠాన్ని తిరస్కరించి చేతిని బలహీనం చేసికొనేవారు కొందరు. పాఠానికే దాసులై సొంత కంటిని పోగొట్టుకొనేవారు కొందరు. రామారావు మొదటి తరగతికీ చెందలేదు, రెండవ తరగతికీ చెందలేదు. ఆ శిక్షణను సాధనగా స్వీకరించినారు. సంగీతవిద్యార్థి సరళీస్వరాలను లెక్కలేనన్ని మారులు పలికినట్లు, ఆయన చేయి దేహాన్నీ, వస్త్రపు మడతనూ, పశువుల అవయవాలనూ, చెట్ల కొమ్మలనూ పదే పదే గీసినది. 1920 నాటికి చదువు ముగిసినది. విద్యాలయంలో అగ్రశ్రేణిలో నిలిచి రామారావుగారు ఉత్తీర్ణులైనారు.

చిత్రసూత్రంలో మార్కండేయుడు వజ్రునితో సంభాషించిన ఘట్టం ఇక్కడ జ్ఞప్తికి వస్తుంది. దేవతాప్రతిమలను చేయడం నేర్పుమని రాజు వేడుకొన్నాడు. చిత్రం తెలియనిదే ప్రతిమ తెలియదన్నాడు మహర్షి. అయితే చిత్రం చెప్పుమన్నాడు రాజు. నృత్తం తెలియనివానికి చిత్రం పట్టుబడదన్నాడు మహర్షి. నృత్తానికి వాద్యం, వాద్యానికి గీతం, ఇట్లు ఒకదాని వెనుక ఒకటి. ఒక ప్రతిమ ముందు నిలువగోరిన వాడు ముందుగా సకల కళలకూ శిష్యుడు కావలె. రామారావుగారి చిత్రాలను పరిశీలించినవారికి ఈ మాట యథార్థమని తోచక మానదు. వాటిలోని మూర్తులు నిలుచున్నను, కూర్చున్నను, ఒకరి భుజం మీదుగా మరొకరు వంగినను, దేహాల వరుసలో ఒక నాట్యం ఉన్నది. ఒక మూర్తి చేతినుండి బయలుదేరిన రేఖ మరొక మూర్తి నడుమును చుట్టి, మూడవ మూర్తి తలవంపులో విశ్రాంతి తీసికొంటుంది. ఇది అజంతా నేర్పిన పాఠం. దానిని కాగితం మీద నిలుపగల నేర్పు మాత్రం బొంబాయిలో చేసిన కఠోరాభ్యాసం ఇచ్చినది.

విద్య పూర్తియైన వెంటనే ఉద్యోగం చూచుకొనక ఆయన దేశాటనం చేసినారు. గుజరాతు, కాఠియవాడ ప్రాంతాలలో సంచరించినారు. శ్రీకృష్ణ పరమాత్మ ద్వారకను ఏలిన సీమ అది. అక్కడి గోపాలకులు, వారి స్త్రీల నిండైన వస్త్రధారణ, పాలకుండలు మోసికొనే ఠీవి ఆయనను ఆకర్షించినవి. కాఠియవాడ గొల్లభామలను ఆయన చిత్రించినారు. పుస్తకంలో చదివిన వ్రేపల్లెను కాక, కన్నులతో చూచిన వ్రేపల్లెను ఆయన వెంట తెచ్చుకొన్నారని చెప్పవచ్చును. అటు పిమ్మట 'కృష్ణలీల'ను చిత్రించిన చేతికి ఆ సంచారం ఎంత ఉపకరించినదో ఊహించుకొనవచ్చును.

కలకత్తాకూ శాంతినికేతనానికీ కూడ ఆయన వెళ్ళినారు. వంగదేశపు చిత్రకారుల కీర్తి దేశమంతటా మార్మ్రోగుతున్న కాలమది. వారి పద్ధతి విలక్షణమైనది. రంగు వేసిన కాగితాన్ని నీటిలో ముంచి, ఆరనిచ్చి, మరల రంగు వేసి, మరల కడిగి, పొగమంచు కప్పినట్లు తోచే మృదుత్వాన్ని సాధిస్తారు. జపాను చిత్రకారుల సాంగత్యం వలన అవనీంద్రులు దానిని అలవరచుకొన్నారు. ఆ రోజులలో పేరు గడింపదలచిన యువకునికి ఆ బాట సుగమమైనది. మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటర్జీగారు బోధించినది ఆ సంప్రదాయమే. దానిలో తర్ఫీదు పొంది తెలుగువారు పలువురు ప్రకాశించినారు కూడ. రామారావు వంగదేశపు పెద్దలను గౌరవించినారు, వారి ఉద్యమంలోని స్వదేశాభిమానాన్ని గ్రహించినారు. పద్ధతిని మాత్రం స్వీకరింపలేదు. గోదావరీ తీరపు ఎండ తీక్షణమైనది. ఇక్కడి మాగాణుల పచ్చదనానికి పొగమంచు ముసుగు అక్కరలేదు. ఆయన వర్ణాలు నిర్మలంగా, తేటగా, ఉదయస్నానం చేసి వచ్చినట్లుంటవి.

నీటిరంగుల పనిలోని కష్టం చేసినవారికి గాని తెలియదు. తైలవర్ణంలో తప్పు దొరలితే దానిపై మరొక పూత వేసి కప్పవచ్చును. పారదర్శకమైన నీటిరంగులో ఆ వీలు లేదు. కాగితపు తెల్లదనమే వెలుగు. ఆ వెలుగును ఎక్కడ మిగుల్చుకొనవలెనో కుంచె ముంచుటకు పూర్వమే నిశ్చయించుకొనవలె. తడి ఆరకముందే నిర్ణయం ముగియవలె. చేయి వణికితే ఆ వణుకు శాశ్వతంగా నిలిచిపోతుంది. అందుచేత నీటిరంగుల చిత్రకారుడు అసలు శ్రమనంతా కాగితం ముందు కూర్చొనక మునుపే పడవలసి ఉన్నది. రామారావుగారు తైలవర్ణాలలోనూ పని చేసినవారే. కాని వారి ప్రతిభ సంపూర్ణంగా వికసించినది నీటిరంగులలోనే. వారు విడిచిపోయిన ఇరువదియెనిమిది చిత్తుపటాల పుస్తకాలు, పెన్సిలు రేఖాచిత్రాలు ఆ వెనుకటి శ్రమకు సాక్ష్యాలు. చూచేవారు మెచ్చుకొనే ఒక్కొక్క పటం వెనుక చూడనివారికి తెలియని కాగితాలెన్నో ఉన్నవి.

ఆయన పేరును అఖిలభారతానికి తెలియజేసిన చిత్రం 'ఋష్యశృంగ బంధనము'. కలకత్తాలో 1920ల తొలి ఏండ్లలో జరిగిన చిత్రప్రదర్శనంలో దానికి వైస్రాయి బహుమానం లభించినది. వంగచిత్రకారుల పుట్టినింటనే వంగపద్ధతిని అనుసరింపని ఒక తెలుగు యువకునికి అగ్రగౌరవం దక్కినదంటే ఆ విజయం ఎంతటిదో గ్రహింపవచ్చును.

ఋష్యశృంగుని కథ శ్రీమద్రామాయణంలో బాలకాండలోనిది. విభాండక మహర్షి కుమారుడైన ఋష్యశృంగుడు అడవిలో తండ్రిని తప్ప మరొక మనిషిని ఎరుగడు. స్త్రీ అనే జాతి ఉన్నదని కూడ తెలియదు. రోమపాదుడు ఏలే అంగదేశంలో అనావృష్టి సంభవించినది. ఆ మునికుమారుని పాదం సోకితే గాని వాన కురియదని పెద్దలు చెప్పినారు. రాజు పంపగా వారకాంతలు ఆశ్రమానికి చేరి, ఆ అమాయకుని ఆకర్షించి తోడ్కొని పోయినారు. ఆయన అడుగు పెట్టగానే అంగదేశంలో వర్షం కురిసినది. దశరథ మహారాజుచేత పుత్రకామేష్టిని చేయించినది ఆ ఋష్యశృంగుడే. శ్రీరామావతారానికి ద్వారం తెరచినవాడు ఆయన. కథను పైపైని చూచేవారికి ఇది శృంగారఘట్టం. లోతుగా చూచేవారికి ఇక్కడ ఒక లోకపు దాహం, ఒక దేశపు ఆకలి, పుట్టనున్న రామచంద్రుడు కనబడతారు. బంధించేవారికీ తెలియదు, బంధితునికీ తెలియదు. విధి మాత్రం ఎరిగి ఉన్నది. ఇట్టి ఘట్టాన్ని ఎన్నుకొనడంలోనే చిత్రకారుని మనస్సంస్కారం వ్యక్తమవుతున్నది. తపస్సులో ఉన్న నారాయణుని ఎదుట అప్సరసలు ఓడిపోయినారు. ఈ బాలతపస్వి ఎదుట కాంతలు గెలిచినారు. రెండు చోట్లా లోకానికి మేలే కలిగినది.

తక్కిన చిత్రాలలో 'సిద్ధార్థ రాగోదయము' లోకాన్ని విడువనున్న వాని మనస్సులో లోకానురాగం మొలకెత్తిన క్షణాన్ని పట్టుకొన్నది. 'పుష్పాలంకరణము'లో స్త్రీలు పువ్వులతో అలంకరించుకొంటారు. ఏ పురాణమూ అక్కరలేని నిత్యజీవితపు సౌభాగ్యం అది. 'నందిపూజ', 'కార్తీక పూర్ణిమ' అన్నవి ఆలయసంస్కృతిలో పుట్టి పెరిగినవాడు మాత్రమే వేయగల చిత్రాలు.

కార్తీకమాసంలో రాజమహేంద్రవరం ఎట్లుండునో గోదావరి మండలాలవారికి చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున కోటిలింగాల రేవులోనూ మార్కండేయస్వామి సన్నిధిలోనూ తడిచీరలతో స్త్రీలు దీపాలు వెలిగిస్తారు. అరటిదొప్పలలో ఉంచిన దీపాలు వరుసగా ప్రవాహంలో సాగిపోతవి. పూర్ణిమనాటి రాత్రి ఆ దీపాల కాంతి, ఆకాశాన చంద్రకాంతి నీటిలో కలిసికొంటవి. ఇది ఏటేటా ప్రతివారూ చూచే దృశ్యమే. అందుచేతనే చిత్రించడం కష్టమైనది. కొత్తగా వచ్చిన వానికి వింతగా తోచే దానిని పట్టుకొనడం సులభం. పుట్టిననాటినుండి చూస్తున్న దానిని మొదటిమారు చూచినట్లు చూడగలగడమే దుర్లభం. బొంబాయి, కాఠియవాడ, కలకత్తా తిరిగి వచ్చిన తరువాతనే ఆయనకు సొంత ఊరి రేవు సంపూర్ణంగా కనబడినదని అనుకొనవలె. గోదావరి కొండల నడుమ ఒదిగి ప్రవహించే దృశ్యాలను కూడ ఆయన ఎంతో ప్రేమతో చిత్రించినారు. పాపికొండల చెంత నది ఇరుకై, లోతై, నల్లనై, ధవళేశ్వరం చేరునప్పటికి సముద్రమంత విశాలమవుతుంది. ఆ తల్లి రూపభేదాలన్నీ ఆయన కుంచెకు పరిచితాలే.

ఇంతటి కీర్తి గడించిన యువకుడు బొంబాయిలో స్థిరపడి ఉంటే ధనం కూడ సమకూరి ఉండేది. రాజుల ఆస్థానాలలో రూపచిత్రాలకు గిరాకీ ఉన్న రోజులవి. రామారావుగారు రాజమహేంద్రవరానికే తిరిగి వచ్చినారు. 1923 ప్రాంతంలో ఆంధ్ర భారతీయ చిత్రకళా సంఘాన్ని నెలకొల్పి, చిత్రకళాశాలను ఆరంభించినారు. ఆయనకు కుడిభుజంగా నిలిచినవారు మిత్రులు వరదా వెంకటరత్నంగారు. చామకూర భాష్యకార్లుగారు మొదలైనవారు ఆ నీడలో తీర్చిదిద్దబడినారు. గురువు వయస్సు అప్పటికి ఇరువదియారేండ్లు. శిష్యులు ఇంచుమించు ఈడువారే. దానిని పాఠశాల అనడంకంటె ఒక కుటుంబమనడం ఉచితం.

నిజానికి కుటుంబమే అందులో ఉన్నది. ఆయన ధర్మపత్ని సత్యవాణిగారు, సోదరి బుచ్చికృష్ణమ్మగారు కుంచె పట్టి చిత్రకారిణులైనారు. ఆ కాలపు గృహిణి ముగ్గు వేయవచ్చును, గోడమీద పసుపు బొట్లు పెట్టవచ్చును. చిత్రకారిణిగా సంతకం చేయడమనేది ఊహకందని విషయం. వీరేశలింగం పంతులుగారు స్త్రీవిద్యకై పోరాడిన నగరంలో, వారు గతించిన నాలుగైదేండ్లలోనే, ఒక ఇంటి స్త్రీలు చిత్రకళాభ్యాసం చేయడం ఆ పోరాటపు ఫలమే అనవచ్చును. రామారావుగారు దీనిని గురించి ఉపన్యాసాలిచ్చిన దాఖలాకంటె ఇంట చేసి చూపిన ఉదాహరణమే ఘనమైనది.

1924లో లండను నగరం చెంత వెంబ్లీలో బ్రిటిషు సామ్రాజ్య ప్రదర్శనం జరిగినది. దానిలో రామారావుగారి చిత్రాలకు చోటు లభించినది. గోదావరి గట్టున ఊపిరి పోసికొన్న రేఖలు థేమ్సు నదీతీర వాసుల కన్నులపడినవి. కూల్డ్రే దొర అప్పటికే ఉద్యోగం విడిచి స్వదేశం చేరి ఉన్నాడు. గురువు ఈ గడ్డ మీదికి వచ్చి శిష్యుని కనుగొన్నాడు. శిష్యుని పటాలు గురువు గడ్డను వెదకికొంటూ పోయినవి.

ఆ మరుసటి సంవత్సరారంభంలో రామారావుగారికి మశూచికం సోకినది. ఈనాటి యువకులకు ఆ వ్యాధి పేరు మాత్రమే తెలిసి ఉండవచ్చును. మన దేశంలో దాని చివరి కేసులు 1975లో నమోదైనవి. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వ్యాధి భూమినుండి తొలగిపోయినదని ప్రకటించినది. 1925లో మాత్రం అది ఏటేటా ఇండ్లను చీకటి చేసే మహమ్మారి. సోకిన తరువాత నయం చేయగల మందు లేదు. వేపమండలు కట్టి, అమ్మవారిని ప్రార్థించి, ఇంటివారు దినాలు లెక్కించుకొంటూ ఉండవలసినదే. 1925 ఫిబ్రవరి 6వ తేదీన రామారావుగారు పరమపదించినారు. మరొక నెల గడచి ఉంటే ఇరువదియెనిమిది నిండెడివి.

చిత్రసంఘం నెలకొని రెండేండ్లు కూడ పూర్తిగా గడువలేదు. పద్ధతి ఏర్పడినది గాని పరంపర ఏర్పడలేదు. ఆయన పోవడంతో అంతా ముగిసిపోవలసినదే. అట్లు కాకపోవడానికి కారకులు వెంకటరత్నంగారు. ఆయన స్వయంగా మంచి చిత్రకారులు. తన పేరు కోసం పాటుపడి ఉంటే ఎవరూ తప్పు పట్టెడివారు కారు. మిత్రుని చిత్రాలను చెదరిపోనీయక ఒక్కచోట చేర్చడం, చిత్రకళాశాలను మూతపడనీయక నడపడం, రామారావు స్మారకంగా చిత్రశాలను నిలబెట్టడం తన జీవితకార్యంగా స్వీకరించినారు. స్నేహధర్మంలో ఇంతటి నిష్ఠ అరుదు. రామారావుగారి కీర్తిలో సగపాలు ఈ మిత్రునికి చెందవలెనన్నా అతిశయోక్తి కాదు. సత్యవాణిగారు, బుచ్చికృష్ణమ్మగారు కూడ కుంచెను విడువలేదు.

ఆ చిత్రశాల తరువాతి కాలంలో ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చినది. రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు చిత్రకళామందిరంగా అది ప్రసిద్ధం. ముప్పదినాలుగు తైలవర్ణ చిత్రాలు, నూట ఇరువదితొమ్మిది నీటిరంగుల చిత్రాలు ఆయన కృషిగా లెక్కకు వచ్చినవి. బొంబాయి చేరిననాటినుండి కన్నుమూసిననాటివరకు గడచినది తొమ్మిది సంవత్సరాల లోపు. అందులో విద్యార్థిదశకు నాలుగేండ్లు, దేశాటనకు కొంతకాలం పోగా, తన గృహంలో, తన నదిచెంత, తన మనస్సుకు నచ్చిన విషయాన్ని తీసికొని పని చేసినది ఎంతకాలమో లెక్కించుకొన్నవారికి ఆశ్చర్యం కలుగుతుంది.

గోదావరి పుష్కరాలకు రాజమహేంద్రవరం చేరే యాత్రికులు పుష్కర రేవులో స్నానమాడి, కోటిలింగేశ్వరునీ మార్కండేయేశ్వరునీ సేవించి మరలిపోతారు. చిత్రకళామందిరం వైపు అడుగు వేసేవారు వారిలో కొద్దిమంది. వేసినవారికి అక్కడ గోడలమీద నందీశ్వరుని కొలిచే స్త్రీలు, గోపికలు, గౌతమబుద్ధుడు కానున్న రాజకుమారుడు, కాఠియవాడ గొల్లభామలు, ఎగువ కొండల నడుమ నిశ్చలంగా సాగే గోదావరి దర్శనమిస్తారు. చిత్తుపటాల పుస్తకాలు కూడ ఆ భాండారంలోనే ఉన్నవి. ఒక చేతిని, ఒక మెడవంపును, ఒక చీరచెరగును, సరిపడేవరకు మరల మరల గీసిన పెన్సిలు గీతలు ఆ పుటలలో నిలిచి ఉన్నవి.